పొగలు రాని కాఫీ

బెంగళూరు హైవే పక్కన ఇప్పుడు ఎక్కడ చూసినా చల్లని కాఫీ అమ్మే బండ్లే. పొడుగాటి గ్లాసు, అడుగున నల్లటి డికాషన్, నడుమ ఐస్‌క్రీము, మీద తెల్లటి క్రీము గోపురం, గోపురం మీంచి కారే చాకొలెట్ ధార. ఆ బండ్లు పెట్టుకున్న పిల్లలు నన్ను చూస్తే స్టూలు వేసి కూర్చోబెడతారు. కాసేపు నా మోకాళ్ల నొప్పుల గురించి అడిగి, తర్వాత మెల్లగా అసలు సంగతికొస్తారు. ఇదే కాఫీ మీరు చేస్తే ఒకలా, మేము చేస్తే ఒకలా ఎందుకుంటుంది మాస్టరూ అంటారు. అందరికీ ఒకేసారి జవాబు చెబుదామని ఇది రాస్తున్నాను. జవాబు దొరుకుతుందని మాత్రం హామీ ఇవ్వలేను. ఆ కాఫీ విషయంలో నాకు మొదట్నుంచీ అయోమయమే. రిటైరయ్యాక అది ఇంకొంచెం చిక్కబడింది, అంతే.

నేను కాఫీ మాస్టరుగా పనిచేసినవాణ్ణి. మాస్టరంటే పాఠాలు చెప్పే మాస్టరు కాదు, హోటల్లో పాల పొయ్యి దగ్గర నిలబడే మాస్టరు. హిందూపురం బజార్లో ఒక హోటల్లో నా వయసంతా ఆవిరి మధ్యనే గడిచింది. ఆవిరైపోయింది అంటుంది మా ఆవిడ. రెండూ నిజమే.

నాకు పని నేర్పిన పెద్ద మాస్టరు మొదటి రోజే ఒక కట్టుబాటు పెట్టాడు. ఇంకొకరికి ఇచ్చే కాఫీని మనం నోట పెట్టకూడదు. పెడితే అది ఎంగిలి. ఇంట్లో దేవుడికి వండేటప్పుడు ఎవరైనా రుచి చూస్తారా, దుడ్లిచ్చి తాగేవాడు దేవుడి కంటే తక్కువా అనేవాడు. కాబట్టి మా పనంతా ముక్కుతో, చెవితో, కంటితో నడిచేది. పొగ వాసన పట్టి డికాషన్ ముదిరిందో, లేతగా ఉందో చెప్పేవాళ్లం. పై గ్లాసు నుంచి కింది గ్లాసుకు వంచేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి పాలు చిక్కనో పలచనో తెలిసేది. నురగ రంగు చూస్తే మిగతాది అర్థమయ్యేది. అలా ఊళ్లో సగం మందికి నేను కాఫీ పోశాను. ఇంట్లో నేను తాగేది మాత్రం టీ. ఈ సంగతి గిరాకీలకు తెలియకుండా మా యజమాని చాలా జాగ్రత్త పడేవాడు.

తర్వాత ఆ హోటలు మూతబడింది. ఆ స్థలంలో సెల్‌ఫోన్ల షోరూము వచ్చింది. ఇంకో హోటల్లో అడిగితే, ఈ వయసులో పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడతావు మాస్టరూ అని నాకే కాఫీ పోసి పంపారు. తాగకుండానే వచ్చేశాను.

అప్పుడు దొరికింది పెనుకొండ పని. ఊరికి కొంచెం ఎడంగా ఒక పెద్ద ఇంటిని అద్దెకు తీసుకొని ఒక కాంట్రాక్టరు గెస్టుహౌసు నడిపేవాడు. ఎర్రమంచి వైపు ఫ్యాక్టరీల్లో పనిమీద దూరదేశం నుంచి వచ్చే ఇంజనీర్లు అందులో దిగేవాళ్లు. ఆ ఇంట్లో పనిచేసేది ముగ్గురమే. మేనేజరు, వంటామె, నేను.

మేనేజరుది ధర్మవరం. పట్టుచీరల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు. ఏ వస్తువునైనా చీరలాగా విప్పి, అంచు చూసి, కొంగు చూసి, మొహం చిట్లించడం ఆయనకు అలవాటు. ఇడ్లీని కూడా వెలుతురుకు పెట్టి చూసేవాడు. వంటామె ఎర్రమంచికి అవతలి పల్లె మనిషి. వాళ్లాయన ఒకప్పుడు సైకిలు మీద డబ్బా కట్టుకొని ఊరూరా పుల్ల ఐసు అమ్మేవాడట. ఎండాకాలంలో ఐసు కరగకుండా అమ్ముకొచ్చిన ఇంటి కోడలు కాబట్టి దేనికీ తొందరపడేది కాదు. నన్ను అన్నా అని పిలిచేది, తమ్ముణ్ణి మందలించినట్టు మందలించేది.

మొదట్లో అంతా బాగానే ఉండింది. మా ఇంజనీర్లలో ఒకాయన మాత్రం నా కాఫీ తీసుకొని, దండం పెట్టినట్టు తల వంచి, పక్కన పెట్టేసేవాడు. చల్లారాక తాగేవాడు. మా వృత్తిలో అదొక అవమానం. కాఫీ చల్లారిందంటే మాస్టరు చచ్చినట్టే లెక్క. నేను ఊరుకోలేక గ్లాసు తీసుకుపోయి మళ్లీ వేడి చేసి తెచ్చేవాణ్ణి. ఆయన మళ్లీ తల వంచి, మళ్లీ పక్కన పెట్టేవాడు. ఆయనా నేనూ ఇలా మర్యాదగా కొన్నాళ్లు పోట్లాడుకున్నాం.

ఒక రోజు ఆయన ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. నేను పైన చెప్పానే, ఆ గోపురం గ్లాసు. నేను అటూ ఇటూ తిప్పి చూసి మేనేజరును అడిగాను, దీంట్లో కాఫీ యాడుండాది సార్ అని. అడుగున ఉందని ఆయన వేలు పెట్టి చూపించాడు. పొగ రాదు. వాసన రాదు. వంచి పోసే చప్పుడు లేదు. పైగా దాన్ని చెంచాతో తినాలట, గొట్టంతో పీల్చాలట. తాగేదో తినేదో కూడా తెలియని వస్తువును నా బతుకులో మొదటిసారి చూశాను.

మేనేజరు మరో మాట చెప్పాడు. త్వరలో వాళ్ల దేశం నుంచి పెద్దాయన ఒకరు వస్తున్నాడు. గెస్టుహౌసు ఎలా ఉందో చూసి, కాంట్రాక్టు ఉంచాలా వద్దా అనేది ఆయనే చెబుతాడు. ఆయనకు ఈ కాఫీ అంటే ప్రాణం. అది కుదిరితే నువ్వు ఉంటావు, కుదరకపోతే బెంగళూరు నుంచి మిషనూ, మిషను తిప్పే మనిషీ వస్తారు అన్నాడు. గట్టిగా అనలేదు. దుకాణానికి వచ్చిన వాళ్లకు చీర ధర చెప్పినంత మెత్తగా అన్నాడు. ఆ పని పోతే నాకు ఇంకో పొయ్యి లేదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

డికాషన్ దిగితే గానీ డెసిషన్ తీసుకోను అని హోటల్లో జోకులు వేసినవాణ్ణి, ఆ రోజు డికాషన్ ముందు కూర్చొని ఏ డెసిషనూ లేక లేచాను.

సెలవు రోజున హిందూపురం వచ్చి ఇంట్లో మొదలుపెట్టాను. మీరు కూడా చేస్తారు కాబట్టి ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. మామూలు కంటే రెండింతల పొడి వేసి, కొద్ది నీళ్లతో డికాషన్ చిక్కగా దించాలి. దాన్ని పూర్తిగా చల్లారనివ్వాలి. సగం డికాషన్‌ను ఐసు గడ్డల ట్రేలో పోసి గడ్డ కట్టించుకుంటే, కరిగినా కాఫీ నీళ్లవదు. ఇది మాత్రం నా సొంత బుర్ర. ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను. గ్లాసులో ముందు చక్కెర కలిపిన చిక్కపాలు, డబ్బాలో దొరికేవి, తర్వాత డికాషన్, ఐసు, దాని మీద వెనిల్లా ఐస్‌క్రీము ఒక గరిటె. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. ఇక ఆ పైన ఉండే క్రీము. మేనేజరు తెప్పించి ఇచ్చిన క్రీమును మిక్సీలో వేసి తిప్పమన్నారు, తిప్పాను. నురగ వచ్చింది. నురగ అంటే మా వృత్తికి గర్వం కదా, ఇంకొంచెం రానిద్దామని ఇంకొంచెం తిప్పాను. నురగ గడ్డకట్టింది. గడ్డ విరిగి పక్కన నీళ్లు చేరాయి. మూత తీస్తే వెన్న.

మా ఆవిడ ఆ వెన్నను వేలితో తీసి చూసి, "మజ్జిగ చిలికే పని నాకు తెల్లవారుజామునే అయిపోయిందే. నీకు చెప్పలేదా" అంది. ఆ వారం మా ఇంట్లో నెయ్యి కాఫీ వాసన వచ్చింది. రాగి సంగటిలో కూడా.

పెనుకొండ వెళ్లి, చేత్తో మెల్లగా గిలక్కొట్టడం నేర్చుకున్నాను. క్రీము గిన్నె ఎంత చల్లగా ఉంటే అంత బాగా నిలబడుతుందని వంటామె చెప్పింది. చివరికి గోపురం నిలబడింది. మేనేజరు దాన్ని నాలుగు వైపులా చూసి, అంచు బాగుంది, కొంగు బాగుంది, ఇక లోపల నేత సంగతి ఇంజనీరు చెప్పాలి అన్నాడు. ఇంజనీరు సగం తాగి, తల వంచి, పక్కన పెట్టాడు. ఈసారి చల్లార్చడానికి కాదని అందరికీ అర్థమైంది.

ఒకసారి తీపి ఎక్కువ, ఒకసారి చేదు ఎక్కువ అని మేనేజరు ద్వారా కబురొచ్చేది. వేడి మీద సరిపోయే చక్కెర చలి మీద సరిపోదట. నాకేం తెలుసు? నా కొలతలన్నీ పొగ చూసి పెట్టుకున్నవి. పొగ లేని కాఫీ ముందు నేను కళ్లకు గంతలు కట్టుకున్నవాడిలా తడుముకుంటున్నాను.

"రవంత నాలికె మీద ఏసుకొని చూడకూడదా అన్నా" అంది వంటామె ఒక రోజు.

చూడకూడదన్నాను. ఎంగిలి అన్నాను. పెద్ద మాస్టరు కథంతా చెప్పాను. ఆమె విని, "ఆయప్ప పోయి ఎన్నేండ్లాయ" అని మాత్రం అడిగింది. నేను డికాషన్ గిన్నె మూత సర్దాను.

తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో నేను కట్టించిన డికాషన్ గడ్డలు నీళ్లయ్యాయి. ఐసుకూ వయసుకూ కరగడం ఒకటే పని కదా. వంటామె బయటి నుంచి ఐసు దిమ్మ తెప్పించి, గోనెసంచిలో వేసి దంచి, బకెట్లో పోసి, ఆ ఐసు మధ్యలో క్రీము డబ్బాను కూరి, పైన తడి గుడ్డ కప్పి పెరట్లోకి వెళ్లింది. అంతలో ఇంజనీరు వచ్చి కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది, ఫ్యాక్టరీలో ఏం జరిగిందో ఏమో. నేను డబ్బా తీసి క్రీము గిలక్కొట్టాను, గ్లాసు సిద్ధం చేశాను. ఐసు కావాలి. బకెట్లో ఉంది. చిల్లుల గరిటెతో నాలుగు ముక్కలు తీసి వేసి పంపాను.

ఆయన ఒక గుక్క పీల్చి ఆగాడు. గ్లాసును పైకెత్తి చూశాడు. తర్వాత ఆపకుండా అడుగు దాకా తాగి, క్రీమును చెంచాతో గీకి తిని, ఇంకోటి కావాలని వేలు చూపించాడు. రెండోది కూడా తాగి, లేచి నిలబడి నాకు తల వంచాడు. ఈసారి నడుము దాకా వంగాడు.

మర్నాడు అదే పాలు, అదే పొడి, అదే గ్లాసు. ఆయన ఒక గుక్క తాగి మేనేజరుతో ఏదో అన్నాడు. నిన్నటిది కాదట.

ఇక ఇంట్లో విచారణ మొదలైంది. పాలు ఏ ఆవువి అన్నాడు మేనేజరు. డబ్బావి అన్నాను. నిన్న గాలి ఎటు వీచింది అన్నాడు. కరెంటు లేకపోతే నీ చేతికి రుచి వస్తుందేమో, రేపు మెయిన్ ఆఫ్ చేద్దాం అని కూడా అన్నాడు. నాకు అది కూడా నిజమేమో అనిపించే దశకు వచ్చేశాను. మనం ఏం తప్పు చేశామో తెలియకపోవడం మామూలే. ఏం బాగా చేశామో తెలియకపోతే మనిషికి నిద్ర పట్టదు.

వంటామె సొరకాయ తరుగుతూ అంతా వింటోంది. కత్తిపీట పక్కన పెట్టి అడిగింది.

"నిన్న ఐసు యాడ్నుంచి తీసినావన్నా?"

"బకెట్లోదే. ఇంక యాడుండాది ఐసు?"

"క్రీము డబ్బా చుట్టూ ఉండేదా?"

"అదే."

"కడిగి ఏసినావా?"

"ఐసును యాడన్నా కడుగుతారామ్మా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. తర్వాత చెప్పింది. పుల్ల ఐసు డబ్బా చుట్టూ ఉండే ఐసులో రాళ్లుప్పు కలుపుతారు, అప్పుడే లోపలిది గడ్డలా ఉంటుంది. క్రీము కోసం ఆమె అదే చేసింది, పిడికిళ్లతో వేసింది. అది తినే ఐసు కాదు. వాళ్ల ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసట.

మేనేజరు మొహం పాలిపోయింది. విదేశీ మనిషికి ఉప్పునీళ్లు తాగించామా అన్నాడు. వెంటనే, కానీ రెండోది అడిగి తాగినాడే అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఆయన చిక్కుకుపోయాడు. సాయంత్రం ధైర్యం చేసి ఇంజనీరుకు ఉన్న సంగతి చెప్పాడు. ఆయన ఏమాత్రం కంగారు పడలేదట. మా దేశంలో క్రీములో ఉప్పు కలిపే తాగుతారు, ఇప్పుడు అక్కడ అదే మోజు, మీకు తెలిసే వేశారనుకున్నాను అన్నాడట. ఇన్నాళ్లూ వాళ్ల ఉప్పు నేను తింటున్నాననుకున్నాను. నా ఉప్పే వాళ్లు తిన్నారు.

ఉప్పు ఒప్పయింది, బాగానే ఉంది. కానీ ఎంత ఉప్పు? ఆ రోజు గరిటెకు అంటుకొని ఎంత వచ్చిందో భగవంతుడికి కూడా తెలియదు. పెద్దాయన మర్నాడు వస్తున్నాడు. కొలత తెలియాలంటే ఎవరో ఒకరు రుచి చూడాలి. మేనేజరుకు చక్కెర జబ్బు. వంటామెను అడిగితే, కాఫీ అంటేనే నాకు కషాయం తాగినట్టుంటుంది, నాకు అన్నీ చేదే, నన్ను నమ్మి పెద్దమనిషికి పోయొద్దు అంది. ఇంజనీరు ఆ రాత్రే మిగతావాళ్లతో ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు, ఇక పెద్దాయనతో కలిసే వస్తాడు. ఇక ఆ ఇంట్లో మిగిలిన నాలుక ఒక్కటే. అది నా నోట్లో ఉంది.

మర్నాడు పొద్దున గ్లాసు కలిపి పెట్టుకొని, చెంచా పట్టుకొని, వంటింట్లో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వంటామెను అటు తిరుగమ్మా అన్నాను. ఆమె తిరిగింది. చెంచా నోట్లో పెట్టుకున్నాను.

మొదట చలి. తర్వాత చేదు. చేదు పోకముందే తీపి. తీపి మీద క్రీము జిడ్డు. అంతా అయిపోయిందనుకున్నాక నాలుక చివర ఉప్పు. హిందూపురం బస్టాండులో బస్సెక్కితే తెలుగు, కన్నడ, ఉర్దూ, ఇంగ్లీషు ఒకేసారి చెవిలో పడతాయే, అచ్చం అలా ఉండింది. అన్నీ తెలిసినవే, ఏదీ అర్థం కాదు.

"ఎట్లుంది?" అంది ఆమె, అటు తిరిగే.

"తెలీదమ్మా" అన్నాను.

నిజంగానే తెలియలేదు. అది నా డికాషన్. ఊరంతా తాగింది. నేను మొదటిసారి తాగుతున్నాను. బాగుందా అంటే దేంతో పోల్చి చెప్పాలి? ఇంకో చెంచా తీసుకున్నాను. ఉప్పు ఒక చిటికె వేశాను, క్రీములోనే. మళ్లీ చూశాను. ఎక్కువైంది. ఆ క్రీము పారబోసి మళ్లీ గిలక్కొట్టాను. ఉప్పని నాలుక పసిగట్టే లోపల తీపి వచ్చి దాన్ని కప్పెయ్యాలి. కప్పేసిందో లేదో అని ఒక అనుమానం మిగలాలి. ఆ అనుమానం కుదిరేదాకా చేశాను. ఒకసారి నోట పెట్టిన చెంచా మళ్లీ ముంచలేదు. సింకులో చెంచాల కుప్ప పడింది. అప్పుడే మేనేజరు లోపలికి వచ్చి ఆ కుప్పనూ, నా నోట్లో చెంచానూ చూశాడు. ధర్మవరంలో కూడా చీర కట్టి చూసి అమ్మరు కదా అన్నట్టు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు.

పెద్దాయన వచ్చాడు. నేను ఎంతో ఊహించుకున్నాను గానీ, చిన్న మనిషి. తెల్లజుట్టు, నా వయసే ఉంటుంది. ఇంజనీరు ఆయన వెనక నిలబడ్డాడు. గ్లాసు నేనే తీసుకెళ్లి పెట్టాను. గోపురం ఒకసారి ఊగింది, పడలేదు.

ఆయన గొట్టం తీసి పక్కన పెట్టి, గ్లాసుకు మూతి ఆనించి, క్రీమూ కాఫీ కలిసి వచ్చేటట్టు ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి మేనేజరును అడిగాడు, ఇది చేసిన మనిషి ఎవరని. మేనేజరు నన్ను చూపించాడు. ఆ చూపించడంలో పొగడ్త ఉందో, అప్పగింత ఉందో నాకు తెలియలేదు.

పెద్దాయన గ్లాసును నా వైపు జరిపాడు. తాగమని సైగ చేశాడు.

ఆయన మూతి పెట్టిన గ్లాసు. వద్దనడం మర్యాద కాదు. మూతి పెట్టడం నావల్ల కాదు. మన వాళ్లు చెంబుతో నీళ్లు తాగేటప్పుడు చేసేదే చేశాను. తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, పెదవికి తగలకుండా నోట్లోకి వంచాను. ఏమీ పడలేదు. ఇంకొంచెం వంచాను. పడలేదు. గిలక్కొట్టిన క్రీము గ్లాసు మూతికి బిరడా లాగా పట్టుకుంది. ఇంత బాగా నిలబెట్టానా అని ఒక్క క్షణం గర్వపడి, ఇంకొంచెం వంచాను. గోపురం మొత్తం ఒకేసారి దిగింది. ముక్కు మీద, మీసాల మీద, కళ్లజోడు మీద. దాని వెనకే ఐసు.

నేను కళ్లజోడు తీయలేదు. తీస్తే వాళ్ల మొహాలు కనబడతాయి. బెంగళూరు మిషను మాత్రం మెరుస్తూ నా కళ్ల ముందుకొచ్చింది.

అప్పుడు నా చేతిలోంచి గ్లాసును ఎవరో మెల్లగా తీసుకున్నారు. కళ్లజోడు తుడిచి పెట్టుకొని చూస్తే, పెద్దాయన గ్లాసుకు మూతి ఆనించి అడుగున మిగిలింది తాగుతున్నాడు, చిన్నపిల్లలకు నేర్పినట్టు నెమ్మదిగా, నన్నే చూస్తూ. తాగి మళ్లీ నా చేతికిచ్చాడు. ఆయన మీసానికి కూడా క్రీము అంటింది. తుడుచుకోలేదు.

నేను మేనేజరు వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశాడు. వంటింటి తలుపు దగ్గర వంటామె మాత్రం తిన్నగా నా వైపే చూస్తోంది.

మూతి పెట్టాను. తాగాను.

మిషను గురించి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన పోతూ పోతూ ఏదో చెప్పాడు. కారు కదిలాక మేనేజరు వచ్చి, రేపట్నుంచి రోజుకు రెండు గ్లాసులు చెయ్యమన్నారు మాస్టరూ అన్నాడు. ఇంజనీరుకు రెండు ఎక్కువ కాదా సార్ అన్నాను.

"ఆయనకొకటే. రెండోది నీకంట. ముందు నువ్వు తాగినాకే ఆయనకు ఇయ్యాలంట."

సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, మీసం తుడుచుకోవడానికి తువ్వాలు తీశాను. తుడుచుకునే ముందు, వంటామె అటు తిరిగి ఉందో లేదో చూసుకొని, పై పెదవిని ఒకసారి నాకి చూశాను. ఉప్పు కొంచెం తగ్గింది.